మాటల పట్టిక చూసి తల్లులు బెంబేలెత్తాలా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పిల్లల మాటల గురించి వచ్చిన వ్యాసం చదివాను. చదివి ఊరుకునేదాన్నే. కానీ మర్నాటి నుంచి అందులోని, ఏ వయసుకు ఎన్ని మాటలు రావాలో చెప్పే పట్టికను ఫొటో తీసి వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకోవడం మొదలైంది. నాకు తెలిసిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, మావాడికి ఇంకో రెండు నెలల్లో రెండేళ్లు నిండుతాయి. నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను, నలభై మాటలు కూడా దాటలేదు. పట్టికలో మూడు వందలని ఉంది" అంది. ఏడవడం ఒక్కటే తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

నా గురించి ఒక ముక్క. నేను డాక్టర్ని కాను, ప్రొఫెసర్ని కాను. పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించేవాళ్లకు రికార్డింగులు విని రాసిపెట్టడం నా పని. పసివాళ్ల చొక్కా జేబులో చిన్న రికార్డరు పెడతారు. పిల్లల మాటలతో పాటు ఫ్యాను చప్పుడు, టీవీ, పక్క గదిలో పెద్దవాళ్ల వాదులాట అన్నీ అందులో పడతాయి. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కో ముక్కనీ వెనక్కి తిప్పి తిప్పి వింటూ, ఎవరేమన్నారో ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి. గంట రికార్డింగు చేతికొచ్చిందంటే ఇక ఆ రోజంతా దానికే సరి. అర్థం కానిచోట ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని మూడు అక్షరాలు కొట్టి ముందుకు పోవాలి తప్ప, ఇలా అనుంటాడులే అని మనం పూరించకూడదు. 1984లో బ్రయన్ మాక్‌విన్నీ, కేథరిన్ స్నో కలిసి మొదలుపెట్టిన 'చైల్డ్స్' అనే భాండాగారంలో వాడే పద్ధతి ఇది. ఎన్నో భాషల పిల్లల మాటలను ఇదే తీరులో రాసి అక్కడ దాచిపెట్టారు.

పిల్లలతో బాగా మాట్లాడండి అన్న మాటను నేనేమీ తప్పుపట్టడం లేదు. అది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. నా పేచీ అంకెలతో. ఆ పట్టిక ఎవరు తయారుచేశారో, ఏ భాష పిల్లలను చూసి చేశారో దాని కింద ఒక్క ముక్క లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకు మాత్రం అవి ఇంగ్లీషు పిల్లల అంకెలని చూడగానే తెలిసిపోతుంది. అమెరికాలో 1990ల నుంచి మెక్‌ఆర్థర్-బేట్స్ జాబితా అని ఒకటి వాడుతున్నారు. వందల మాటలు అచ్చువేసి తల్లిదండ్రుల చేతికిస్తారు. తమ పిల్లలు అనే మాటల పక్కన వాళ్లు టిక్కు పెట్టాలి. రెండేళ్ల ఇంగ్లీషు పిల్లలకు సుమారు మూడు వందలన్నది అక్కడి మధ్య అంకె. మధ్య అంకె అంటే సగం మంది పిల్లలు దానికి కిందే ఉంటారని. అదే వయసులో వంద దాటనివాళ్లూ ఉన్నారు, అయిదు వందలు దాటేసినవాళ్లూ ఉన్నారు. మీ పట్టికకు వచ్చేసరికి మధ్య అంకె కాస్తా 'ఉండాల్సిన అంకె' అయి కూర్చుంది.

ఈ జాబితాను ఇంకో భాషకు మార్చేటప్పుడు పరిశోధకులు మాటకు మాట తర్జుమా చేసి ఊరుకోరు. ఆ భాష పిల్లల నోట వినిపించే మాటలే ఏరి, ఆ భాష పిల్లల మీదే మళ్లీ కొలుస్తారు. ఎందుకంటే ఏది ఒక మాట అన్నదే భాషను బట్టి మారుతుంది. తెలుగు పిల్లవాడు 'వచ్చేశాడు' అన్నాడనుకోండి. వచ్చింది ఒక్కడేనని, మగవాడని, రావడం అయిపోయిందని మొత్తం అందులోనే ఉంది. ఇంగ్లీషు పిల్లవాడు అదంతా చెప్పాలంటే రెండు మూడు మాటలు కూర్చుకోవాలి. మీ వ్యాసంలోని 'రెండేళ్లకు రెండు మాటలు కలపాలి' అన్న సూచన పనికిమాలిందని అనను. కానీ ఒంటి మాటే వాక్యంగా నడిచిపోయే భాషలో దాన్ని ఎలా చూడాలో చెప్పాలి కదా. ఫోన్ చేసిన అమ్మాయి నోట్‌బుక్‌లో 'పోయింది' అని ఒక్కచోటే ఉంది. వాడు పోయింది, పోయాడు, పోదాం మూడూ అంటాడట. ఆమె లెక్కలో అదంతా కలిపి ఒకటి!

అసలు ఈ శాస్త్రం ఎన్ని భాషలను చూసిందో తెలుసా? 2022లో ఎవన్ కిడ్, రొవీనా గార్సియా అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల భాష మీద వచ్చే నాలుగు ప్రధాన పత్రికల్లో 45 ఏళ్ల వ్యాసాలు తిరగేశారు. ప్రపంచంలో దాదాపు 7,000 భాషలుంటే, వాటిలో కనిపించినవి 103. అంటే నూటికి ఒకటిన్నర. అందులోనూ సింహభాగం ఇంగ్లీషుదే. అంతా తేలిపోయినట్టు పట్టిక వేయడానికి ఆధారం ఎంత పలచగా ఉందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

మాటల సంఖ్యలో కనిపించని సంగతి ఒకటి చెబుతాను. ఒక రికార్డింగులో రెండున్నరేళ్ల పాప ఆడుకుంటుంటే బంతి మంచం కిందికి దొర్లిపోయింది. బోర్లా పడుకుని చెయ్యి చాపుతున్న ఆయాసం వినిపిస్తోంది. చాలాసేపు ఫ్యాను చప్పుడే. అప్పుడు "బంతి వచ్చలేదు" అంది. "రాలేదా?" అంది అమ్మ. "ఆఁ, వచ్చలేదు." అమ్మ వంగి బంతి తీసిచ్చి, "ఇప్పుడొచ్చిందా?" అంటే, "వచ్చింది. ఇందాక వచ్చలేదు" అని పూర్తి జవాబు చెప్పింది.

టైపు చేస్తున్న నాకు వేళ్లు ఆగిపోయాయి. 'వచ్చలేదు' అని పెద్దవాళ్లెవరూ అనరు. అమ్మ అప్పటికప్పుడు సరిచేసి అందించినా పాప పట్టించుకోలేదు. మరి ఎక్కడి నుంచి తెచ్చింది? పెట్టింది, పెట్టలేదు. ఎత్తింది, ఎత్తలేదు. కొట్టింది, కొట్టలేదు. అలాంటప్పుడు వచ్చిందికి వచ్చలేదే కదా రావాలి! పాప లెక్క సరిగ్గానే వేసింది. 'రా' దగ్గరికొచ్చేసరికి అడ్డం తిరిగింది మన భాషే. పట్టిక ప్రకారం ఇది తప్పు మాట, దీనికి మార్కుల్లేవు. పరిశోధకులకు మాత్రం, పాప విన్నదాన్ని అప్పజెప్పడం లేదు, విన్నదాంట్లోంచి సూత్రం లాగుతోంది అనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

1958లో జీన్ బెర్కో చేసిన ప్రయోగం దీని గురించే. పిట్టలాంటి ఒక వింత బొమ్మ చూపించి "ఇది వగ్" అంది. ఇంకో బొమ్మ చేర్చి "ఇప్పుడు రెండున్నాయి, రెండు ఏమిటి?" అని నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలను అడిగింది. 'వగ్' అనే మాట లోకంలోనే లేదు కాబట్టి ఎవరూ నేర్పి ఉండరు. అయినా చాలామంది బహువచనం సరిగ్గా చెప్పారు. మన భాషలో ఇంతకన్నా సరదా పరీక్ష ఉంది. పుస్తకం గిస్తకం, కాగితం గీగితం అంటాం కదా. మొదటి అచ్చు పొట్టిదైతే గి, పొడుగుదైతే గీ. ఈ సూత్రాన్ని పిల్లలకు ఎవరూ నేర్పరు. రోజూ వాడే పెద్దవాళ్లలోనే చాలామందికి, ఒకరు ఎత్తి చూపేదాకా స్ఫురించదు. అయిదేళ్ల పిల్లల ముందు 'మలుకు' అనో 'టోపుడు' అనో లేని మాట పెట్టి అడిగి చూడండి. మలుకు గిలుకు, టోపుడు గీపుడు! నేను అడిగిన పిల్లల్లో ముందు కాస్త తడుముకున్నవాళ్లున్నారు గానీ, గి, గీ తారుమారు చేసినవాళ్లు తక్కువ. ఒకడైతే పగలబడి నవ్వి, నాకే ఎదురు పరీక్ష పెట్టాడు.

మీ వ్యాసం చదివితే భాష మొదటి మాటతోనే మొదలవుతుందేమో అనిపిస్తుంది. మొదటి మాట వచ్చేసరికి లోపల బోలెడు పని జరిగిపోయి ఉంటుంది. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలకు హిందీలోని ట, త తేడా తెలుస్తుందా అని జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో పరీక్షించారు. మనకు పుట్టుకతో వచ్చినట్టుండే ఈ తేడా ఇంగ్లీషు పెద్దవాళ్లకు పట్టుకోవడం కష్టం. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు మాత్రం పట్టేశారు! పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ పిల్లల్లో చాలామందికి అది జారిపోయింది. తమ ఇంట్లో అక్కర్లేని తేడాలను వదిలేసి, అక్కరకొచ్చేవాటి మీదే చెవి పెడతారన్నమాట. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్యలోనే కొన్ని రోజువారీ వస్తువుల పేర్లు, ఒంటి భాగాల పేర్లు పిల్లలకు అర్థమవుతాయని ఎలికా బర్గల్సన్, డానియల్ స్వింగ్లీ 2012లో చూపించారు. అప్పటికి చాలామంది నోట ఒక్క మాటైనా రాదు.

నోట మాట రానివాళ్లకు అర్థమైందో లేదో ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. కళ్లను చూస్తారు. పాపను అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి ఎదురుగా తెర మీద రెండు బొమ్మలు పెడతారు. 'బంతి ఏదీ?' అని స్పీకరులో వినిపిస్తుంది. పాప చూపు ఎటు తిరిగింది, ఎంతసేపటికి తిరిగింది అన్నది కెమెరా పట్టుకుంటుంది. అమ్మకు తెర కనిపించకుండా చేస్తారు, లేదా హెడ్‌ఫోన్లలో పాటలు పెడతారు. లేకపోతే తనకు తెలియకుండానే బంతి వైపు జరుగుతుంది. (తల్లుల మీద అనుమానం కాదు, నేను కూర్చున్నా అంతే చేస్తాను.) ఆన్ ఫెర్నాల్డ్ బృందం 1998లో ఇలాగే కొలిస్తే, పదిహేను నెలల పిల్లలు మాట పూర్తయ్యాక బొమ్మ వైపు తిరిగారు. రెండేళ్లవాళ్లు మాట సగంలో ఉండగానే తిరిగేశారు. రెండో ఏడంతా వాళ్లు సంపాదించింది ఈ వేగం. ఏ నోట్‌బుక్‌లో రాసుకుంటాం దీన్ని?

ఇక మీ వ్యాసంలోని 'రోజుకు ఇన్ని వేల మాటలు చెవిన పడాలి' అన్న సలహా. దీని వెనక బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ 1995లో ప్రచురించిన అధ్యయనం ఉంది. పేదింటి పిల్లలు నాలుగేళ్లకు మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని లోకమంతా చెప్పుకున్నది అదే. చూసింది 42 కుటుంబాలను. అందులో ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు 6. నెలకు ఒక గంట రికార్డు చేసి, ఆ లెక్కను మిగతా గంటలన్నిటికీ హెచ్చవేస్తే మూడు కోట్లు తేలింది. ఏళ్ల తరబడి ఇళ్లకు వెళ్లి కూర్చుని చేసిన పని, దాన్ని తీసిపారేయడానికి లేదు. కానీ డగ్లస్ స్పెరీ, లిండా స్పెరీ, పెగ్గీ మిల్లర్ అమెరికాలోనే అయిదు ప్రాంతాల రికార్డింగులు తీసుకుని, తల్లి మాటలే కాకుండా ఇంట్లో మిగతావాళ్ల మాటలు, పక్కన వినపడే మాటలు కూడా కలిపి లెక్కేస్తే ఆ తేడా అలా రాలేదు. ఒకే ఆదాయం ఉన్న ఇళ్ల మధ్యే పెద్ద తేడాలు కనిపించాయి. దానికి మళ్లీ అభ్యంతరాలు వచ్చాయి, పక్కన వినపడే మాటలు పసివాళ్లకు అంతగా పనికిరావని. ఆ వాదన ఇంకా తెగలేదు. మీ వ్యాసంలో మాత్రం తీర్పు వచ్చేసినట్టుంది.

మెక్సికోలో ట్సెల్టాల్ భాష మాట్లాడే ఒక మాయన్ పల్లెలో మరీసా కసియాస్ బృందం రికార్డు చేసి 2020లో ప్రచురించింది. అక్కడ పసివాళ్లతో నేరుగా మాట్లాడేది గంటకు మూడున్నర నిమిషాలకు కాస్త పైన, అంతే. మీరిచ్చిన సలహా ప్రకారమైతే ఆ పిల్లలు మూగబోవాలి. కానీ 'బబ్బబ్బ' అనడం, మొదటి మాట, మాటలు కలపడం అన్నీ మిగతా చోట్ల పిల్లల్లాగే ఆయా వయసుల్లోనే వచ్చాయి.

అలాగని మాట్లాడకపోయినా పర్లేదనుకోకండి. మాట ఎలా చేరుతోందన్నది తేడా తెస్తుంది. పాట్రీషియా కూల్ బృందం 2003లో చేసిన ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పిల్లలు ఆ భాష ధ్వనులు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూసినవాళ్లు, టేపులో విన్నవాళ్లు పట్టుకోలేదు. అయితే తెర అన్నదే చెడ్డదని తేల్చేయడానికీ లేదు. సారా రోజ్‌బెరీ, క్యాతీ హిర్ష్-పాసెక్, రాబర్టా గోలింకాఫ్ 2014లో రెండేళ్లు దాటిన పిల్లలకు వీడియో కాల్‌లో కొత్త మాటలు నేర్పితే ఎదురుగా నేర్పినట్టే నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియోతో నేర్చుకోలేదు. వీడియో కాల్‌లో ఉన్న మనిషి పాప చేసినదానికి బదులిస్తుంది, రికార్డింగు ఇవ్వదు.

నాకు బాగా నచ్చిన ప్రయోగం 2017 నాటిది. తల్లులు తమ రెండేళ్ల పిల్లలకు రెండు కొత్త మాటలు నేర్పాలి. ఒక మాట నేర్పేటప్పుడు మధ్యలో తల్లి సెల్‌ఫోన్ మోగుతుంది, ఆమె మాట్లాడి మళ్లీ వస్తుంది. రెండో మాటకు అంతరాయం లేదు. రెండు మాటలూ పిల్లలు విన్నది సమానంగానే. అంతరాయం లేని మాట వచ్చింది, ఫోన్ మోగిన మాట రాలేదు. లెక్క ఒకటే, ఫలితం వేరు! రేచల్ రోమియో బృందం 2018లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మెదడు స్కాన్ చేసినప్పుడు కూడా, భాషకు సంబంధించిన బ్రోకా ప్రాంతం చురుకుదనానికి సంబంధం కనిపించింది ఇంట్లో వినిపించే మాటల సంఖ్యతో కాదు, అటూ ఇటూ మాటలు ఎన్నిసార్లు మారాయన్నదానితో. రాసేవాళ్లకు ఇది చెవికే తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో తల్లి గడగడా చెబుతూనే ఉంటుంది, నేను పేజీలు నింపుతూనే ఉంటాను, పాప వరుస ఖాళీ. ఇంకో ఇంట్లో ఒక ప్రశ్న, తర్వాత ఎంతో సేపు నిశ్శబ్దం, ఎవరూ తొందరపెట్టరు, అప్పుడు ఒక జవాబు వస్తుంది. మాటలు లెక్కపెట్టే యాప్ ఏదైనా మొదటి ఇంటికే ఎక్కువ మార్కులు వేస్తుంది.

ఇంట్లో రెండు భాషలుంటే పిల్లలు తికమకపడతారన్నది పాత భయం, దాన్ని మీరు మళ్లీ అచ్చేయకుండా ఉండాల్సింది. బార్బరా పియర్సన్ బృందం 1993లోనే రెండు భాషల పిల్లల మాటలను రెండు భాషల్లోనూ కలిపి లెక్కేస్తే ఒక భాష పిల్లలతో సమానంగానే ఉన్నాయని చూపింది. ఒక్క భాషలో కొలిచి తక్కువని అంటే ఎలా?

వీటన్నిటి కన్నా నాకు కోపం తెప్పించింది వ్యాసం చివరి వాక్యం: 'మగపిల్లలకు మాటలు ఆలస్యం, కంగారు అక్కర్లేదు'. పైన కంగారు పడక్కర్లేని చోట టెన్షన్ పెట్టి, కింద కదలాల్సిన చోట నిద్రపుచ్చారు. మాట ఆలస్యమైతే, మగైనా ఆడైనా, ముందు చూడాల్సింది చెవి. పుట్టుకతో వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో 'ఊఁ ఊఁ' అంటారు, నవ్వుతారు, కాబట్టి ఇంట్లోవాళ్లకు అనుమానమే రాదు. వినే పిల్లలు పది నెలలలోపు 'బబ్బబ్బ', 'దద్దద్ద' అని పదేపదే పలకడం మొదలుపెడతారు. వినపడని పిల్లల్లో అది బాగా వెనకబడుతుంది. ఇంట్లో చప్పట్లు కొట్టి చూడటం పరీక్ష కాదు. చేతుల కదలిక కనపడో, గాలి తగిలో కూడా పిల్లలు తిరుగుతారు. అసలు పరీక్షకు నొప్పి ఉండదు. నిద్రపోతున్న పసివాళ్ల చెవిలో చిన్న మెత్తటి గొట్టం పెట్టి శబ్దం పంపిస్తే, లోపలి చెవి నుంచి సన్నని ప్రతిధ్వని తిరిగి వస్తుంది. వచ్చిందా లేదా అన్నది యంత్రం చెప్పేస్తుంది. నెలలోపు ఈ పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు తగిన సాయం అన్నది నిపుణులు పెట్టుకున్న గడువు. ఆరు నెలలలోపు లోపం కనిపెట్టిన పిల్లల భాష, ఆ తర్వాత కనిపెట్టినవాళ్ల కన్నా స్పష్టంగా మెరుగ్గా ఉందని క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లో చూపించింది. సాయమంటే చెవికి పెట్టే వినికిడి యంత్రం ఒక్కటే కాదు, సైగల భాష కూడా భాషే. పుట్టినప్పటి నుంచి సైగలు చూసే బధిర శిశువులు చేతులతోనే 'బబ్బబ్బ' అంటారని లారా పెటిటో, పౌలా మారెంటెట్ 1991లో చూపారు.

ఫోన్ చేసిన అమ్మాయికి నేను చెప్పింది ఇంతే: నోట్‌బుక్ మూసెయ్, వినికిడి పరీక్ష చేయించు, పిలిస్తే తిరుగుతున్నాడా, వేలితో చూపిస్తున్నాడా, చెప్పింది అర్థమవుతోందా అన్నవి డాక్టరుకు చెప్పు. రెండేళ్లు దాటినా మాటలు కలపడం లేదనిపిస్తే స్పీచ్ థెరపిస్టును కలువు, వాళ్లు నీ పట్టిక చూడరు, వాడిని చూస్తారు.

మీకు నా మనవి కూడా చిన్నదే. పిల్లల మీద ఏదైనా పరిశోధన అచ్చువేసినప్పుడు ఎంతమంది పిల్లలను చూశారు, వాళ్లది ఏ భాష, ఏ వయసు అన్నది ఒక వాక్యంలో చెప్పండి. మధ్య అంకె ఇచ్చినప్పుడు, పక్కనే ఆ వయసు పిల్లలు కింద ఎక్కడి నుంచి పైన ఎక్కడిదాకా ఉన్నారో కూడా వేయండి. వచ్చే ఆదివారం అదే పేజీలో, ఆ పట్టిక ఎంత పెద్దగా వేశారో అంత పెద్దగానే, పసివాళ్ల వినికిడి పరీక్ష గురించి ఒక బాక్సు వేయండి. పట్టికను వాట్సాప్‌లో పంపుకున్నవాళ్లు దాన్నీ పంపుకుంటారు.

ఇట్లు,
పిల్లల మాటలు విని రాసే ఒక పాఠకురాలు